డ్రైవ్ టెస్ట్ సాఫ్ట్‌వేర్‌లో ఫోన్ వివరాలు ఎలా చూడాలి, ఎలా సరిచేయాలి

డ్రైవ్ టెస్ట్ అంటే కారులో తిరుగుతూ ఫోన్లతో మొబైల్ నెట్‌వర్క్ సిగ్నల్ కొలిచి రికార్డు చేయడం. ఆ పని మీద ఒకరోజు పొద్దున్నే విశాఖ మద్దిలపాలెంలో కారెక్కి ఎన్‌ఏడీ కొత్తరోడ్డు, గాజువాక, కూర్మన్నపాలెం మీదుగా స్టీల్‌ప్లాంట్ దాకా డ్రైవ్ చేసుకొచ్చాం. డ్యాష్‌బోర్డు మీద రెండు ఫోన్లు, వాటిలో రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు, ఒళ్లో ల్యాప్‌టాప్. రాత్రి గదికొచ్చి లాగ్‌ఫైళ్లు, అంటే కొలతలు రికార్డైన ఫైళ్లు తెరిస్తే గుండె జారిపోయింది. ఒక కంపెనీ పేరుతో ఉన్న ఫైల్లో రెండో కంపెనీ సిగ్నల్ కనిపిస్తోంది. ముందురోజు సాయంత్రం సిమ్‌లు అటూ ఇటూ మార్చాం గానీ సాఫ్ట్‌వేర్‌లో ఫోన్ల పేర్లు మార్చలేదు.

ఆ రాత్రి మమ్మల్ని ఆదుకున్నవి కూడా ఫోన్ వివరాలే. ప్రతి ఫైల్లోనూ ఆ ఫోన్‌లో ఉన్న సిమ్ తాలూకు గుర్తింపు నంబర్, అంటే ఐఎంఎస్‌ఐ నమోదై ఉంది. దాన్ని పట్టుకుని ఒక్కో ఫైలుకీ అసలు పేరు పెట్టుకుంటూ తెల్లవారుజామున రెండింటిదాకా కూర్చున్నాం. ఫోన్ తనంతట తాను చెప్పిన వివరం సరిగ్గా ఉంది. మేం చేత్తో రాసిన వివరమే తప్పింది. డివైస్ వివరాల పేజీ తెరిచిన ప్రతిసారీ ఈ తేడా గుర్తుపెట్టుకోండి. అందులో కొన్ని గడులు ఫోన్ నింపేవి, కొన్ని మనం నింపేవి. మొదటివి చదువుకోవాలి, రెండోవి సరిచూసుకుని రాయాలి.

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లకి మ్యాప్ ఎలా లోడ్ చేయాలో, ఫోన్‌కీ నెట్‌వర్క్‌కీ మధ్య నడిచే లేయర్ 3 మెసేజ్‌లు ఎలా చదవాలో, కాల్ ఒక సెల్ నుంచి ఇంకో సెల్‌కి మారే హ్యాండోవర్ ఎక్కడ తప్పిందో ఎలా పట్టుకోవాలో సీనియర్లు బాగానే చెబుతారు. ఈ పేజీ దగ్గర మాత్రం ఎవరూ ఆగరు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. డ్రైవ్ టెస్ట్ సాఫ్ట్‌వేర్‌గా టెమ్స్ వాడినా, నీమో వాడినా, ఇంకేదైనా వాడినా మెనూల పేర్లు కాస్త అటూ ఇటూగా ఉంటాయి గానీ లోపలున్న వివరాలు ఒక్కటే. టెమ్స్‌లో అయితే నావిగేటర్‌లో ఎక్విప్‌మెంట్ ట్యాబ్ చూడండి. మిగతా వాటిలో డివైసెస్ అనో, హార్డ్‌వేర్ అనో, మెజర్‌మెంట్ డివైసెస్ అనో ఉంటుంది.

ముందు ఫోన్‌నే అడగండి

ల్యాప్‌టాప్ తెరవకముందే ఒక నోటుబుక్కు తీసుకోండి. ఒక్కో ఫోన్‌కి ఒక్కో పేజీ. ఫోన్ వెనక ఒక చిన్న స్టిక్కర్ అంటించి దాని మీద 1, 2, 3 అని అంకె వేయండి. బాల్‌పెన్నుతో వేస్తే మన ఊరి ఉక్కపోతకి, చేతి చెమటకి మధ్యాహ్నానికల్లా చెరిగిపోతుంది. పర్మనెంట్ మార్కరుతో రాసి పైన ట్రాన్స్‌పరెంట్ టేపు వేయండి.

ఇప్పుడు డయలర్ తెరిచి *#06# కొట్టండి. ఐఎంఈఐ, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబర్ కనిపిస్తుంది. రెండు సిమ్‌ల ఫోనైతే రెండు ఐఎంఈఐలు వస్తాయి, మొదటిది స్లాట్ 1ది, రెండోది స్లాట్ 2ది. రెండూ రాసుకోండి. టెస్ట్ సిమ్ ఏ స్లాట్‌లో వేశారో పక్కనే రాయండి. వీలైతే రెండో స్లాట్ ఖాళీగా ఉంచండి. అందులో మీ సొంత సిమ్ ఉంటే టెస్ట్ కాల్ నడుస్తుండగా ఇంటి నుంచి ఫోన్ రావడం, టెస్ట్ కాల్ కాస్తా డ్రాప్‌గా, అంటే మధ్యలో తెగిన కాల్‌గా లెక్కకెక్కడం జరుగుతుంది.

ఐఎంఈఐలో 15 అంకెలుంటాయి. అవి చేత్తో రాసుకునేటప్పుడు ఒక అంకె తప్పడం చాలా మామూలు. ఆ తప్పు పట్టుకునే ఉపాయం ఆ నంబర్‌లోనే ఉంది. ఉదాహరణలకి తరచూ వాడే 490154203237518 అనే నంబర్ తీసుకుందాం. మొదటి 8 అంకెలు 49015420 ఏ మోడలో చెబుతాయి. తర్వాతి 6 అంకెలు 323751 ఆ మోడల్‌లో ఏ ఫోనో చెబుతాయి. చివరి 8 సరిచూసుకునే అంకె. దాన్ని వదిలేసి మొదటి పద్నాలుగింటిలో ఒకటి విడిచి ఒకటి, అంటే రెండోది, నాలుగోది, ఆరోది అలా రెట్టింపు చేయండి. రెట్టిస్తే రెండంకెల సంఖ్య వచ్చినచోట ఆ రెండింటినీ కూడండి. 9 రెట్టిస్తే 18, కూడితే 9. 1కి 2. 4కి 8. 0కి 0. 2కి 4. 7 రెట్టిస్తే 14, కూడితే 5. 1కి 2. ఇవన్నీ కలిపితే 30. రెట్టించకుండా వదిలినవి 4, 0, 5, 2, 3, 3, 5 కలిపితే 22. మొత్తం 52. ఆ పైన వచ్చే పదుల సంఖ్య 60. దానికి ఎంత తక్కువ? 8. చివరి అంకె 8 కాబట్టి నంబర్ సరిగ్గా రాసుకున్నారు. నాలుగైదు ఫోన్ల మీద చేసి చూస్తే చేతికి అలవాటైపోతుంది, ఒక్కో ఫోన్‌కి నిమిషం కూడా పట్టదు.

ఐఎంఈఐ తర్వాత సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌కి వెళ్లి మోడల్ నంబర్, ఆండ్రాయిడ్ వెర్షన్, ఫోన్‌లో రేడియో భాగాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ ఏదో చెప్పే బేస్‌బ్యాండ్ వెర్షన్ రాసుకోండి. దుకాణంలో చెప్పే పేరు ఇక్కడ పనికిరాదు, మోడల్ నంబరే కావాలి. ఒకే పేరుతో అమ్మే ఫోన్లలో చిప్ వేరుగా ఉండొచ్చు, చిప్ మారితే సాఫ్ట్‌వేర్ దాన్ని గుర్తుపట్టే తీరే మారిపోతుంది. బేస్‌బ్యాండ్ వెర్షన్ ఎందుకంటే, ఫోన్ రాత్రికి రాత్రి అప్‌డేట్ అయితే నిన్నటిదాకా పనిచేసిన కనెక్షన్ ఇవాళ పనిచేయకపోవచ్చు. అప్పుడు కారణం వెతుక్కునే పని తప్పుతుంది. టెస్ట్ ఫోన్లలో ఆటో అప్‌డేట్ ఎప్పుడూ ఆపే ఉంచండి.

ఆఖరున ఫోన్ నంబర్. సెట్టింగ్స్‌లో చూసి రాయకండి. చాలా సిమ్‌లలో ఆ గడి ఖాళీగా ఉంటుంది, కొన్నిట్లో ఏదో పాత నంబర్ ఉంటుంది. మీ సొంత ఫోన్‌కి ఒక మిస్డ్ కాల్ ఇచ్చి, తెర మీద పడిన నంబర్ చూసి రాసుకోండి. దీనికి ఇంత పట్టుదల ఎందుకో కింద చెబుతాను.

ఫోన్‌ని సాఫ్ట్‌వేర్‌కి పరిచయం చేయడం

అబౌట్ ఫోన్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేయండి. కేబుల్ పెట్టగానే ఈ కంప్యూటర్‌ని నమ్మవచ్చా అని ఫోన్ అడుగుతుంది. ఎప్పుడూ అనుమతించు అన్న గడిలో టిక్ పెట్టి ఓకే చేయండి. ఆ టిక్ మరచిపోతే మళ్లీ కేబుల్ పెట్టిన ప్రతిసారీ అదే ప్రశ్న వస్తుంది, కారు నడుస్తుండగా ఫోన్ తెర మీద దాన్ని చూసే తీరిక ఎవరికీ ఉండదు.

డీబగ్గింగ్ ఒక్కటే చాలదు. రేడియో కొలతలు వచ్చేది డయాగ్నస్టిక్ పోర్ట్ నుంచి. చాలా శాంసంగ్ మోడళ్లలో *#0808# కొడితే యూఎస్‌బీ సెట్టింగ్ పేజీ వస్తుంది, అందులో డీఎం, మోడెమ్, ఏడీబీ మూడూ కలిసి ఉన్న ఆప్షన్ ఎంచుకోవాలి. మిగతా కంపెనీల ఫోన్లకి పద్ధతి వేరు. టెస్ట్ కోసం సాఫ్ట్‌వేర్ కంపెనీ సిద్ధం చేసి ఇచ్చిన ఫోనైతే ఈ గొడవే ఉండదు.

ల్యాప్‌టాప్‌లో డివైస్ మేనేజర్ తెరిచి పోర్ట్స్ అన్న చోట చూడండి. క్వాల్‌కామ్ చిప్ ఫోనైతే డయాగ్నస్టిక్స్ అన్న మాటతో ఒక పోర్ట్, పక్కన కామ్ 5, కామ్ 7 లాంటి అంకె కనిపించాలి. పసుపు రంగు హెచ్చరిక గుర్తు ఉంటే డ్రైవర్ లేదని అర్థం. ఆ అంకెని కూడా నోటుబుక్కులో రాయండి. ఫోన్‌ని ఇవాళ ఎడమవైపు యూఎస్‌బీ పోర్ట్‌లో, రేపు కుడివైపు దాంట్లో పెడితే ఆ అంకె మారిపోవచ్చు. అప్పుడు కొన్ని సాఫ్ట్‌వేర్లు అదే ఫోన్‌ని కొత్త ఫోన్ అనుకుని ఇంకో వరుస చేరుస్తాయి. పాత వరుస బూడిద రంగులో అలాగే ఉండిపోతుంది. మీరు పాతదాని లేబుల్ సరిచేసి పని అయిపోయిందనుకుంటారు, రికార్డింగ్ మాత్రం కొత్తదాని పేరు మీద నడుస్తుంది. కాబట్టి యూఎస్‌బీ హబ్‌కి కూడా అంకెలు అంటించండి, ఒకటో ఫోన్ ఎప్పుడూ ఒకటో రంధ్రంలోనే.

హబ్ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. యూఎస్‌బీ 2.0 పోర్ట్ 500 మిల్లీయాంప్స్, 3.0 పోర్ట్ 900 మిల్లీయాంప్స్ కరెంటు ఇచ్చేలా తయారవుతాయి. నాలుగు ఫోన్లు వేలాడదీస్తే అది ఏ మూలకీ చాలదు. విడిగా పవర్ ఇచ్చే హబ్ కొనండి. పవర్ చాలక ఫోన్ ఒక్క క్షణం ఊడి మళ్లీ తగులుకున్నా సాఫ్ట్‌వేర్‌లో వరుస మారిపోయే ప్రమాదం ఉంది.

వివరాల పేజీ చదవడం

ఫోన్ వరుస మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ అనో ఇన్ఫర్మేషన్ అనో ఉన్నదాన్ని తెరవండి. ఇక్కడ కంగారు పడకుండా ఒక్కో గడీ చదవండి.

ఐఎంఈఐ: నోటుబుక్కులో రాసినదానితో పోల్చండి. ఇక్కడ చాలామంది తడబడతారు, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ కొన్నిసార్లు 16 అంకెలు చూపిస్తుంది. అది ఐఎంఈఐ ఎస్‌వీ. మొదటి 14 అంకెలు అవే, సరిచూసుకునే అంకె తీసేసి ఆ స్థానంలో ఫోన్ సాఫ్ట్‌వేర్ వెర్షన్‌ని చెప్పే రెండంకెలు పెడతారు. కాబట్టి మొదటి పద్నాలుగూ కలిస్తే చాలు. చివర తేడా కనిపించిందని ఫోన్ మారిపోయిందనుకోకండి.

ఐఎంఎస్‌ఐ: ఇది సిమ్ గుర్తింపు. మన దేశానికి 404, 405 అనే సంఖ్యలతో మొదలవుతుంది. ఆ వెనక వచ్చే రెండు లేదా మూడు అంకెలు కంపెనీనీ, సర్కిల్‌నీ, అంటే ఏ టెలికాం ప్రాంతమో చెబుతాయి. మన ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో 404 49 అంటే ఎయిర్‌టెల్, 405 854 అంటే జియో, 404 73 అంటే బీఎస్‌ఎన్‌ఎల్. 404 07, 404 13 రెండూ ఇప్పుడు వీఐ కిందకి వస్తాయి, ఒకటి ఐడియాది, ఇంకోటి వొడాఫోన్‌ది. తెలంగాణ కూడా టెలికాం లెక్కల్లో ఇంకా ఈ సర్కిల్‌లోనే ఉంది. ఈ అయిదూ ఒక కాగితం మీద రాసి ల్యాప్‌టాప్ మూతకి అంటించుకోండి. సిమ్‌లు తారుమారయ్యాయేమో ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఫోన్ నంబర్ మొదటి అంకెలు చూసి ఇది ఫలానా కంపెనీ అనుకునే రోజులు పోయాయి. 2011లో దేశమంతా నంబర్ పోర్టబిలిటీ వచ్చాక ఏ సిరీస్ నంబరైనా ఏ కంపెనీలోనైనా ఉండొచ్చు. ఐఎంఎస్‌ఐ మాత్రం ఇప్పుడున్న కంపెనీదే చూపిస్తుంది.

విశాఖలో ఇంకో చిక్కు ఉంది. ఒడిశా నుంచి, చెన్నై నుంచి వచ్చి పనిచేసేవాళ్లు టీముల్లో ఉంటారు, వాళ్లు తమ ఊరి సిమ్ టెస్ట్ ఫోన్‌లో వేసేస్తారు. అప్పుడు ఐఎంఎస్‌ఐలో వేరే సర్కిల్ అంకెలు, సర్వింగ్ నెట్‌వర్క్, అంటే ఫోన్ అప్పుడు పట్టుకున్న నెట్‌వర్క్ దగ్గర మన సర్కిల్ అంకెలు కనిపిస్తాయి. అంటే ఫోన్ రోమింగ్‌లో ఉంది. కవరేజ్ కొలతకి దానివల్ల పెద్ద తేడా రాకపోయినా, డేటా రోమింగ్ ఆఫ్‌లో ఉంటే డౌన్‌లోడ్ టెస్ట్ అసలు మొదలే కాకపోవచ్చు. క్లయింట్ కూడా ఒప్పుకోరు. లోకల్ సిమ్ తెప్పించండి.

సామర్థ్యం: ఫోన్ ఎంత వేగం అందుకోగలదో చెప్పే కేటగిరీ, అది పట్టగల ఫ్రీక్వెన్సీ బ్యాండ్లు ఉండే గడి. దీన్ని పట్టించుకోకపోతే రిపోర్ట్ పరువు పోతుంది. ఎల్టీఈ, అంటే 4జీలో, కేటగిరీ 4 ఫోన్ గరిష్ఠంగా డౌన్‌లోడ్‌లో 150, అప్‌లోడ్‌లో 50 ఎంబీపీఎస్ దాకానే వెళ్లగలదు. అలాంటి ఫోన్‌తో సిరిపురంలో టవర్ కిందే నిలబడ్డా అంతకు మించి రాదు. అది నెట్‌వర్క్ లోపమని రాస్తే ఆ సైట్, అంటే ఆ టవర్ చూసుకునేవాళ్లకి అన్యాయం చేసినట్టే. 5జీ టెస్ట్‌కి వెళ్తుంటే ఎన్78 బ్యాండ్ ఉందో లేదో, జియో అయితే ఎన్28 కూడా ఉందో లేదో, 4జీ ఆసరా లేకుండా నడిచే స్టాండలోన్ మోడ్‌కి ఫోన్ ఒప్పుకుంటుందో లేదో ఇక్కడే చూసుకోండి. జియో 5జీ స్టాండలోన్ మీద నడుస్తుంది కాబట్టి ఆ మోడ్ లేని ఫోన్ ఎంత ఖరీదైనదైనా దానికి పనికిరాదు.

మనం రాయాల్సిన గడులు

మొదటిది లేబుల్. ఎంఎస్1, ఎంఎస్2 అని సాఫ్ట్‌వేర్ ఇచ్చిన పేర్లతోనే బండి నడిపేయకండి. పేరు చూడగానే కంపెనీ, పని, స్టిక్కర్ అంకె మూడూ తెలియాలి. నేను పెట్టే పేరు ఇలా ఉంటుంది: ఎయిర్‌టెల్_షార్ట్‌కాల్_1, జియో_డౌన్‌లోడ్_3. సాఫ్ట్‌వేర్‌లో దీన్ని ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాయండి, ఖాళీల బదులు కింద గీత వాడండి. లేబులే ఫైల్ పేరులోకి వెళ్తుంది, ఖాళీలూ వేరే గుర్తులూ ఉంటే రిపోర్ట్ తీసే సాఫ్ట్‌వేర్ కొన్నిసార్లు ఫైల్‌ని తెరవనంటుంది. లేబుల్‌లో తేదీ, ఏరియా పేరు పెట్టకండి. మరుసటిరోజు మార్చడం మరచిపోతే భీమిలి ఫైళ్లకి గాజువాక పేరు ఉంటుంది.

రెండోది ఫోన్ నంబర్. సిమ్ నుంచి రాకపోతే ఈ గడి ఖాళీగా ఉంటుంది, ఎడిట్ నొక్కి మీరే నింపాలి. ఫోన్ నుంచి ఫోన్‌కి కాల్ టెస్ట్ పెట్టినప్పుడు కాల్ చేసే ఫోన్, ఎదుటి ఫోన్ నంబర్‌ని చాలాసార్లు ఈ గడిలోంచే తీసుకుంటుంది. ఒకసారి ఇక్కడ చివరి రెండంకెలు నేను అటూ ఇటూ కొట్టాను. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర బయల్దేరి జగదాంబ దాటేదాకా ప్రతి కాల్ కనెక్ట్ అవుతోంది, కొన్ని సెకన్లలో తెగిపోతోంది. డ్రాప్ కాల్స్ అనుకుని సైట్లు నోట్ చేసుకుంటూ పోయాం. చివరికి టెస్ట్ ఫోన్ స్పీకర్ ఆన్ చేస్తే అవతల ఒక పెద్దాయన గొంతు: "ఎవరు బాబూ మీరు? ఫోనెత్తితే మాట్లాడరేంటి? ఆస్పత్రిలో ఉన్నాం, ఊరికే చేయకండి." ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే మనసుకి కష్టంగా ఉంటుంది. వెంటనే క్షమాపణ చెప్పి, రికార్డింగ్ ఆపి, నంబర్ సరిచేసి, మొదటి నుంచి మళ్లీ తిరిగాం.

అందుకే నంబర్ గడి నింపాక ఒక పని తప్పకుండా చేయండి. సేవ్ చేసి పేజీ మూసేసి, మళ్లీ తెరవండి. ఒకరు తెర మీద చూసి పైకి చదవాలి, ఇంకొకరు నోటుబుక్కులో వేలు పెట్టి సరిచూడాలి. తర్వాత సాఫ్ట్‌వేర్ తనంతట తాను టెస్ట్ కాల్స్ చేసే స్క్రిప్ట్ నుంచే ఒక్క కాల్ చేయించి, మన ఫోనే మోగిందని కళ్లారా చూడండి. నంబర్ ముందు 0 గానీ +91 గానీ పెట్టే విషయంలో రెండు ఫోన్లకీ ఒకే పద్ధతి పాటించండి.

మూడోది ఆఫ్‌సెట్ లేదా అటెన్యుయేషన్. ఇది అన్ని సాఫ్ట్‌వేర్లలో ఉండదు. కారు పైకప్పు మీద యాంటెన్నా పెట్టి కేబుల్‌తో కలిపినప్పుడు ఆ కేబుల్ మింగేసిన సిగ్నల్‌ని లెక్కలో కలపడానికి ఉంటుంది. ఫోన్ మామూలుగా డ్యాష్‌బోర్డు మీద ఉంటే ఇక్కడ సున్నా ఉండాలి. పాత ప్రాజెక్టు నుంచి ఎవరో పెట్టిన 10 అలాగే ఉండిపోతే, నిజంగా సిగ్నల్ బలం మైనస్ 105 డీబీఎం ఉన్నచోట మైనస్ 95 చూపిస్తుంది. సిగ్నల్ బలహీనంగా ఉన్న వీధి మ్యాప్ మీద ఆకుపచ్చగా, అంటే బాగున్నట్టు కనిపిస్తుంది. ఆ వీధిలో ఉండేవాళ్లు మాత్రం బాల్కనీలోకి వచ్చే మాట్లాడుకుంటారు. ప్రాజెక్టు మారినప్పుడల్లా ఈ గడి తెరిచి చూడండి.

నాలుగోది లాక్‌లు. ఫోన్‌ని ఒకే బ్యాండ్‌కో, 4జీ లాంటి ఒకే టెక్నాలజీకో, ఒకే సెల్‌కో కట్టేసే బ్యాండ్ లాక్, టెక్నాలజీ లాక్, సెల్ లాక్. ఇవి వివరాల పేజీలోనే ఉండొచ్చు, పక్కన కంట్రోల్ అన్న చోట ఉండొచ్చు. మధురవాడలో ఒక సైట్ వెరిఫికేషన్ కోసం బ్యాండ్ 40కి, అంటే 2300 మెగాహెర్ట్జ్‌కి లాక్ చేశారనుకోండి. మరునాడు అదే ఫోన్‌తో యారాడ కొండ ఎక్కి దిగితే ఏమవుతుంది? ఎక్కువ ఫ్రీక్వెన్సీ సిగ్నల్ కొండ మలుపుల్లో త్వరగా పడిపోతుంది. తక్కువ ఫ్రీక్వెన్సీ బ్యాండ్ అక్కడ అందుతున్నా లాక్ వల్ల ఫోన్ దాని వైపు చూడదు. మీ ఫైల్లో నో సర్వీస్ అని పడుతుంది, కొండ దిగువన కవరేజే లేదని రిపోర్ట్ వెళ్తుంది. మన ఊరు కొండలకీ సముద్రానికీ మధ్య ఉంది కాబట్టి సిగ్నల్ సహజంగానే హఠాత్తుగా పడుతుంది, లేస్తుంది. కైలాసగిరి మలుపులో పడితే అది కొండ వల్లో లాక్ వల్లో గ్రాఫ్ చూసి చెప్పడం కష్టం. బయల్దేరే ముందే అన్ని లాక్‌లూ తీసేసి, అవసరమైనది మాత్రమే కొత్తగా పెట్టి, పెట్టిన సంగతి నోటుబుక్కులో ఎర్ర ఇంకుతో రాయండి. కొన్ని ఫోన్లలో లాక్ తీసినా రీస్టార్ట్ చేసేదాకా వదలదు. కాబట్టి రీస్టార్ట్ చేసి, ఫోన్ డయలర్‌లో శాంసంగ్ అయితే *#0011#, చాలా ఇతర ఆండ్రాయిడ్ ఫోన్లలో *#*#4636#*#* కొట్టి నెట్‌వర్క్ ఏది పట్టిందో ఫోన్ తెర మీదే చూసుకోండి.

ముట్టుకోకూడనిది

ఐఎంఈఐ గడి కొన్ని టూల్స్‌లో మార్చడానికి వీలున్నట్టే కనిపిస్తుంది. అక్కడ రెండు వేర్వేరు సంగతులున్నాయి. సాఫ్ట్‌వేర్‌కి ఐఎంఈఐ అందకపోతే, *#06# చూసి ఆ నంబర్‌ని సాఫ్ట్‌వేర్ గడిలో టైప్ చేయడం ఒకటి. అది మన రికార్డు కోసం చేసుకునే నోట్ మాత్రమే, తప్పేమీ లేదు. ఫోన్‌లోపలి ఐఎంఈఐనే మార్చే టూల్ వాడటం ఇంకొకటి. అది నేరం. 2017లోనే దీని మీద ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం టెలికాం గుర్తింపులని తారుమారు చేస్తే 3 ఏళ్ల దాకా జైలు, 50 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. లైసెన్స్ ఒక ఐఎంఈఐకి కట్టి ఉంది, ఆ ఫోన్ పాడైంది, కొత్త ఫోన్‌కి పాత నంబర్ ఎక్కిద్దాం అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. సాఫ్ట్‌వేర్ కంపెనీకి మెయిల్ పెట్టి లైసెన్స్ మార్పించుకోవడమే దారి.

సెకండ్‌హ్యాండ్ ఫోన్ టెస్ట్ కోసం కొంటుంటే డబ్బులిచ్చేముందే పరీక్షించండి. ఇంగ్లిష్‌లో కేవైఎం అని టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి, 15 అంకెల ఐఎంఈఐ రాసి 14422కి ఎస్సెమ్మెస్ చేయండి. ఆ ఐఎంఈఐ ఏ మోడల్‌కి చెందినదో జవాబొస్తుంది. చేతిలో ఉన్న ఫోన్ ఒకటి, జవాబులో మోడల్ ఇంకొకటి అయితే ఆ ఫోన్ వదిలేయండి.

ఫోన్‌లో యాప్ మాత్రమే వాడేవాళ్లకి

ల్యాప్‌టాప్ లేకుండా ఫోన్‌లోనే జీ-నెట్‌ట్రాక్ లాంటి యాప్‌తో పనిచేసేవాళ్లకి ఐఎంఈఐ, ఐఎంఎస్‌ఐ గడులు ఖాళీగా కనిపిస్తాయి. యాప్ పాడైందని టెన్షన్ పడకండి. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి మామూలు యాప్‌లకి ఆ నంబర్లు చదివే అనుమతి లేదు. ఫైల్ పేరులోనో, నోట్స్ గడిలోనో స్టిక్కర్ అంకె రాసుకోండి, ఆ అంకెకి ఎదురుగా మిగతా వివరాలు నోటుబుక్కులో ఉన్నాయి కదా. లొకేషన్ ఆన్ చేసి, యాప్‌కి ఆ అనుమతి ఇవ్వడం మాత్రం మరచిపోకండి. అది లేకపోతే సెల్ వివరాలు కూడా రావు.

కారు కదలకముందు, ఆగాక

వివరాలన్నీ నింపాక, రికార్డింగ్ మొదలుపెట్టకముందే సేవ్ చేయండి. ఫోన్ వివరాలు లాగ్‌ఫైల్ మొదట్లోనే నమోదవుతాయి. నేను వాడిన సాఫ్ట్‌వేర్లలో రికార్డింగ్ నడుస్తుండగా లేబుల్ మార్చినా ఆ ఫైల్లో పాత పేరే ఉండిపోయింది. తప్పు మధ్యలో తెలిస్తే రికార్డింగ్ ఆపి, సరిచేసి, కొత్త ఫైల్‌తో మొదలుపెట్టాలి.

ఎంవీపీ కాలనీ రైతుబజారు పక్కనో, ఇంకెక్కడైనా నీడ ఉన్నచోటో కారు ఆపి రెండు నిమిషాల ఫైల్ ఒకటి రికార్డు చేయండి. ఒక కాల్, ఒక చిన్న డౌన్‌లోడ్. ఆపి, అదే ల్యాప్‌టాప్‌లో ఆ ఫైల్‌ని తెరిచి చూడండి. లేబుల్, ఐఎంఎస్‌ఐ, పట్టిన కంపెనీ మూడూ ఒకే మాట చెబుతున్నాయా? అప్పుడు బయల్దేరండి. డ్రైవర్ అన్నయ్య తొందరపెట్టినా ఈ రెండు నిమిషాలు వదులుకోకండి. నేవీ ప్రాంతాలకి దగ్గర్లో వెళ్లే రూట్ అయితే అనుమతి పత్రం తీసుకునే వెళ్లండి, సెక్యూరిటీవాళ్లు అడిగితే ఫోన్లూ ల్యాప్‌టాప్ చూపించి పని చెప్పండి. వేసవిలో అద్దం కింద ఫోన్లు కాలిపోతాయి. వేడెక్కిన ఫోన్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, ఆ సంగతి వివరాల పేజీలో ఎక్కడా కనిపించదు. ఏసీ గాలి తగిలేలా పెట్టండి.

డివైస్ పేజీ స్క్రీన్‌షాట్ వాట్సాప్ గ్రూపులో పెట్టి సందేహం అడిగేటప్పుడు ఐఎంఈఐ, ఐఎంఎస్‌ఐ, ఫోన్ నంబర్ల చివరి ఆరేసి అంకెలు చెరిపి పంపండి. గ్రూపులో ఎవరెవరున్నారో మనకి తెలియదు.

సాయంత్రం పని అయ్యాక ముందు రికార్డింగ్ ఆపండి. ఫైల్ సేవ్ అయ్యేదాకా ఆగండి. సాఫ్ట్‌వేర్‌లో ఫోన్‌ని డీయాక్టివేట్ చేయండి, లాక్‌లు తీసేయండి. ఆ తర్వాతే కేబుల్ పీకండి. సిమ్ మార్చాల్సి వస్తే అక్కడికక్కడే, ఫోన్ చేతిలో ఉండగానే, నోటుబుక్కులో పాత సిమ్ కొట్టేసి కొత్తది రాసి, సాఫ్ట్‌వేర్‌లో లేబుల్ కూడా మార్చేయండి. పొద్దున చేద్దాంలే అని పడుకోకండి.